కాగితం గ్లాసుకు గంజి పూత
పెంటదిబ్బ మీద వేసే ముందు పరీక్షించుకోండి

తామరాకు మీద నీటిబొట్టు నిలవదు. చేమాకు కూడా అంతే. ఆకు పైన పలచని మైనపు పొర ఉండటమే దీనికి కారణం. కాగితానికి ఆ పొర లేదు. మన రైతులు అమ్మే సుబాబుల్, జామాయిల్ కర్రను గుజ్జు చేసి పలచగా పరిస్తే కాగితం అవుతుంది. పీచుల మధ్య సందుల్లోంచి నీరు, నూనె ఇట్టే దిగిపోతాయి. అందుకే గ్లాసులో టీ, ప్లేటులో పులుసు నిలవాలంటే కాగితానికి పూత కావాలి. మామిడి పూత కాదండోయ్, పైన పూసే పూత!

ఇప్పుడున్న పూత ఏమిటి?

మార్కెట్లో దొరికే కాగితం గ్లాసుల్లో ఎక్కువ వాటికి లోపల పాలిథిన్ పొర ఉంటుంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, చెంచాల వంటి వాటిని దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. వాటి స్థానంలో పెళ్లిళ్లకు, జాతరలకు కాగితం సరుకు వాడుతున్నారు. కాగితమే కదా అని ఎంగిలి గ్లాసులు పెంటదిబ్బ మీద పారేస్తాం. కాగితం కుళ్లుతుంది, పొర కుళ్లదు. ఎరువుతోపాటు పొలానికి చేరి, దుక్కిలో ముక్కలై ఏళ్ల తరబడి నేలలోనే ఉండిపోతుంది.

తాగేవారికీ ఇది మంచిది కాదు. ఇలాంటి గ్లాసులో 100 మి.లీ. వేడి నీరు 15 నిమిషాలు ఉంటే సుమారు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు 2020లో తెలిపారు.

పంటల నుంచి పూతలు

గంజి పూత: మొక్కజొన్న, కర్రపెండలం నుంచి తీసిన స్టార్చిని ఉడికించి కాగితంపై పూస్తారు. దీనిలోంచి నూనె దిగదు. పకోడీలు, మిక్చర్ పొట్లాలకు బాగుంటుంది. అయితే తడి తగిలితే మెత్తబడుతుంది. నీటికి ఇదొక్కటే చాలదు.

తవుడు మైనం: ముడి తవుడు నూనెను చల్లబరిచి వడకట్టినప్పుడు మైనం వస్తుంది. ఇది నీటిని ఆపుతుంది. కానీ 80 డిగ్రీల వేడి దగ్గర కరుగుతుంది కాబట్టి మరిగే టీకి పనికిరాదు. గంజి నూనెను ఆపుతుంది, మైనం నీటిని ఆపుతుంది. అందుకే రెండింటినీ కలిపి వాడే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

జీన్: ఇది మొక్కజొన్న గింజలోని మాంసకృత్తు. నీటిలో కరగదు. నూనెను కూడా బాగా ఆపుతుంది. ఖరీదు మాత్రం ఎక్కువ.

పి.ఎల్.ఎ.: మొక్కజొన్న, చెరకు చక్కెరను పులియబెట్టి చేసే ప్లాస్టిక్ ఇది. మొక్క నుంచి వచ్చింది కదా అని మోసపోకండి. ఇది త్వరగా కుళ్లాలంటే 60 డిగ్రీల వేడి నిలిచే కంపోస్టు కేంద్రం కావాలి. మన పెంటదిబ్బలోగాని, వానపాముల ఎరువు తొట్టిలోగాని ఒక పంటకాలంలో కుళ్లదు. గ్లాసు మీద ‘కంపోస్టబుల్’ అని ఉన్నా ఈ సంగతి మరవద్దు.

రైతుకు ఏం లాభం?

ఒక చిన్న లెక్క చూద్దాం. చదరపు మీటరు కాగితానికి 10 గ్రాముల గంజి పూత వేశారనుకోండి. క్వింటాలు మొక్కజొన్న నుంచి సుమారు 60 కిలోల స్టార్చి వస్తుంది. అది 6 వేల చదరపు మీటర్లకు, అంటే దాదాపు ఎకరంన్నర కాగితానికి సరిపోతుంది! ఎకరాకు 30 క్వింటాళ్లు పండితే ఆ పంటతో 45 ఎకరాల కాగితానికి పూత వేయవచ్చు. దీన్నిబట్టి పూతకు పట్టే సరుకు తక్కువేనని తెలుస్తోంది. పైగా మన మొక్కజొన్న కొనేది స్టార్చి మిల్లు, కర్రపెండలం కొనేది పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల సగ్గుబియ్యం మిల్లులు. పూత వేసే కంపెనీలు నేరుగా మన దగ్గరికి రావు. కాబట్టి ‘పూతకు పనికొచ్చే ప్రత్యేక విత్తనం’ అని ఎవరైనా అంటగట్టబోతే తొందరపడకండి. ముందు రాతపూర్వకంగా కొనుగోలు ఒప్పందం అడగండి. ధర, తూకం, తేమ శాతం అందులో ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇలా పరీక్షించండి

1. వాడిన గ్లాసును చింపి ముక్కలను వేడి నీటిలో రాత్రంతా నానబెట్టాలి.

2. మర్నాడు వేళ్లతో నలపాలి. కాగితం గుజ్జై పోయి పలచని పొర చేతిలో మిగిలితే అది పాలిథిన్ లేదా పి.ఎల్.ఎ. దాన్ని దిబ్బ మీద వేయవద్దు, కాల్చవద్దు. విడిగా సంచిలో పోగుచేసి పంచాయతీ చెత్తబండికి ఇవ్వాలి.

3. పొర మిగలకుండా జిగురుజిగురుగా కరిగిపోతే గంజి పూత కావచ్చు. దాన్ని దిబ్బ మీద వేయవచ్చు.

4. గోటితో గీస్తే మైనం లేచిందా? అది తవుడుదో, పెట్రోలియందో చూసి చెప్పలేం. అనుమానం ఉంటే పక్కన పెట్టండి.

ఇంట్లో శుభకార్యం ఉంటే అరిటాకు, మోదుగాకు, అడ్డాకు విస్తళ్లు వాడుకోండి. వాటికి ప్రకృతి ఇచ్చిన పూత ఉంది. ఆకు విస్తరి కొనేటప్పుడు కూడా ఒకసారి తిరగేసి చూడండి. కొన్నింటికి అడుగున ప్లాస్టిక్ కాగితం అతికిస్తున్నారు. ఈనెపుల్లలతో కుట్టిన విస్తరి అయితే పశువు మేసినా, దిబ్బ మీద పడినా నష్టం లేదు.