మినహాయింపుకు ఎంత చోటివ్వాలి?

పక్షులు ఎగురుతాయి. పెంగ్విన్ పక్షే. కానీ పెంగ్విన్ ఎగరదు. ఈ మూడు మాటలూ మన బుర్రలో ఏ పేచీ లేకుండా ఇముడుతాయి. సంప్రదాయ తర్కం మాత్రం మొదటి మాటను 'ప్రతి పక్షీ' అనే అర్థంలోనే తీసుకుంటుంది. దాంతో పెంగ్విన్ ఎగురుతుందనీ, ఎగరదనీ రెండూ తేలతాయి. వైరుధ్యం ఒకసారి చొరబడిందంటే ఆ తర్కంలో ఏ మాటనైనా రుజువు చెయ్యొచ్చు.

కంప్యూటర్‌కు లోకజ్ఞానం నేర్పాలనుకున్నవాళ్లకు ఇది పెద్ద అడ్డంకి. 1980లో రేమండ్ రైటర్ కొత్త రకం నియమాన్ని ప్రతిపాదించారు: ఒక పక్షి ఎగరదనడానికి ఆధారం లేనంతవరకు ఎగురుతుందనే అనుకో, ఆధారం దొరికితే ఆ మాట వెనక్కి తీసుకో.

నన్ను బాగా ఆకట్టుకున్నది జెరూసలేంలో డేనియల్ లేమన్, మెనాఖెమ్ మాగిడోర్ 1992లో చూపించిన పద్ధతి. సాధ్యమయ్యే పరిస్థితులన్నిటినీ మేడలా అంతస్తులుగా పేర్చాలి. మరీ మామూలువి కింద, వింతవి పైన. ఫలానాది పక్షి అని మాత్రమే తెలిస్తే, పక్షులు కనిపించే అట్టడుగు అంతస్తులో చూడాలి. అక్కడివన్నీ ఎగిరేవే. పెంగ్విన్ అని తెలిస్తే ఒక అంతస్తు ఎక్కాలి. అక్కడ ఎగరనివి ఉంటాయి. విశేష నియమం సామాన్య నియమాన్ని పక్కకు నెడుతుందన్నమాట. పాణిని వ్యాకరణం చదివినవారికి ఇది పాత పరిచయమే.

చిక్కంతా తర్వాతే. పక్షులకు రెక్కలుంటాయన్న నియమం కూడా చేర్చి, పెంగ్విన్‌కు రెక్కలున్నాయా అని అడగండి. ఈ పద్ధతి ఏమీ తేల్చదు! ఎగరడంలో తేడా వచ్చిందని పక్షుల నియమాలన్నీ ఒక్కసారిగా పెంగ్విన్‌కు వర్తించకుండా పోతాయి. 1995లో లేమన్ దీన్ని సరిదిద్దారు. విశేష నియమాన్ని మీరడం పెద్ద తప్పు. అందులో సమానమైతే, తక్కువ నియమాలను మీరిన పరిస్థితే ఎక్కువ మామూలు. ఎగరని, రెక్కలున్న పెంగ్విన్ ఒక్క నియమాన్నే మీరుతుంది. రెక్కలు కూడా లేనిది రెండింటిని మీరుతుంది. కాబట్టి రెక్కలు ఉన్నట్టే.

వైద్య సమాచారంలో ఈ తేడా చాలా విలువైనది. సుమారు 10,000 మందిలో ఒకరికి లోపలి అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా తారుమారై, గుండె కుడివైపు ఉంటుంది. అలాంటివారికి ఈసీజీ తీగలు కుడివైపుకు మార్చి పెట్టాలి. అంతమాత్రాన వాళ్ల గుండెకు నాలుగు గదులున్నాయన్న నమ్మకాన్ని కంప్యూటర్ వదులుకోకూడదు.