రెండో గంట తర్వాత చక్కెర ఎక్కడుంది?

ల్యాబ్ చీటీ మీద రెండే అంకెలుంటాయి. నల్లగొండ, పాలమూరు పళ్లానికి ఆ రెండూ చాలవు.

దక్షిణ తెలంగాణలో షుగర్ మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్ గారు. శుక్రవారం రాత్రికి పేజీలు వెళ్లిపోవాలి. బియ్యం మీదా కాలువల మీదా పోగేసిన కాగితాలు చాలానే ఉన్నాయి కానీ, నన్ను వదలకుండా పట్టుకున్నది మాత్రం ఒక చిన్న చీటీ. ఏ పట్నంలో ల్యాబ్‌కు పోయినా చేతిలో పెట్టేదే. ఎఫ్‌బీఎస్ అని ఒక వరస, పీఎల్‌బీఎస్ అని ఇంకో వరస. ఒకటి పరగడుపుది, రెండోది తిన్న రెండు గంటలకు తీసింది.

ఆ రెండో అంకె ఎలా పుడుతుందో చూడండి. ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చిన మనిషి పరగడుపున రక్తం ఇస్తాడు. ఆస్పత్రి బయట బండి దగ్గర రెండు ఇడ్లీలు తిని, నీడన కూర్చుని, టైం కాగానే మళ్లీ సూది గుచ్చించుకుంటాడు. అదే ఇంటి దగ్గరైతే అంబటాళ్లకు పళ్లెం నిండా అన్నం, పప్పు, పచ్చిపులుసు. చీటీ మీద పడ్డది ఇడ్లీల లెక్క. రోజూ ఒంట్లో తిరిగేది అన్నం చక్కెర. ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎన్నింటికి మొదలుపెట్టాడు అని రాసేందుకు చీటీలో చోటే లేదు. రెండు గంటలు లెక్కపెట్టాల్సింది మొదటి ముద్ద నుంచి. చేయి కడుక్కున్నాక లెక్క మొదలుపెట్టేవారూ ఉంటారు.

షుగర్ లేని మనిషిలో తిన్న అరగంటకో గంటకో చక్కెర బాగా పెరిగి, రెండు మూడు గంటల్లో మళ్లీ మొదటి స్థాయి దగ్గరకు దిగుతుంది. షుగర్ ఉన్నవారిలో అన్నం లోపలికి పోగానే క్లోమం గబుక్కున వదలాల్సిన తొలి విడత ఇన్సులిన్ తగ్గిపోతుంది. తిండి చక్కెర వచ్చి పడుతున్నా కాలేయం తన నిల్వలోంచి ఇంకా వదులుతూనే ఉంటుంది. అందుకే చక్కెర గరిష్ఠానికి చేరడం ఆలస్యం, దిగడం ఇంకా ఆలస్యం. నాలుగు గంటలు దాటినా కిందికి రాకపోవచ్చు. పదింటికి తిన్నది దిగకముందే రెండింటి అన్నం, దాని వెనక చక్కెర చాయ్, మళ్లీ రాత్రి బువ్వ. చెరువు నిండిందని ఎవరైనా చెబుతారు. మత్తడి ఎన్ని గంటలు దుంకిందో చెప్పేవాళ్లే కావాలి. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా ఈ గంటలను విడదీసి చూపదు. పైగా రక్తహీనత ఉంటే ఆ సగటు కూడా దారి తప్పుతుంది.

ఇక ఈ అన్నం మన పళ్లెంలోకి వచ్చిన చరిత్ర, గబగబా. 1955లో నాగార్జునసాగర్‌కు పునాది, 1967లో కాలువలకు నీళ్లు. ఎడమ కాలువ కింద నల్లగొండ వరిపొలమైంది, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరైంది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం. ఆ తర్వాత జూరాల ప్రాజెక్టు, ఎత్తిపోతల పథకాలు పాలమూరుకూ వరిని తెచ్చాయి. జొన్న, సజ్జ పొలం నుంచీ పొయ్యి మీంచీ పక్కకు జరిగాయి. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. దేశమంతా తిరిగి డ్యాములు కట్టిన పాలమూరు కూలీల ఇళ్లలో సన్నన్నం ఉడకడం నాకు సంతోషమే. అది వద్దనే హక్కు ఎవరికీ లేదు.

నా అనుమానమల్లా షుగర్ ఉన్నవారికి మంచిదంటూ బస్తాల మీద వేసే 'షుగర్ బియ్యం' అనే మాట మీద. రాజేంద్రనగర్‌లో రూపొంది 2015లో విడుదలైన తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048, మంచి వంగడం. దాని గ్లైసీమిక్ సూచీ, అంటే తిన్నది రక్తంలో చక్కెరను ఎంత పెంచుతుందో చెప్పే లెక్క, 51 చిల్లర అని అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతోంది. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. కానీ ఆ సూచీ పరీక్షలో సాధారణంగా పెట్టేది 50 గ్రాముల పిండిపదార్థం, అంటే దాదాపు 65 గ్రాముల బియ్యం. రేషన్‌లో మనిషికి నెలకు ఆరు కిలోలు, రోజుకు 200 గ్రాములు. రెండు పూటలకు పంచితే పూటకు 100 గ్రాములు, పరీక్ష పళ్లానికి ఒకటిన్నర రెట్లు. నాట్లకో కోతకో పోయే మనిషి అంతకంటే ఎక్కువే తింటాడు. సూచీ మారదు, చక్కెర ఒంట్లో నిలిచే గంటలు మారతాయి. ఇంకో సంగతి. ఈ సూచీ పరీక్షను ఆరోగ్యవంతులపై రెండు గంటలు చేస్తారు. షుగర్ ఉన్నవారికైతే మూడు గంటలు చూడాలని నియమం పెట్టుకున్నారు. శాస్త్రజ్ఞులకు అవసరమైన ఆ మూడో గంట మన చీటీలోకి ఎందుకు రాకూడదు? కనీసం మొదటి ముద్ద టైమూ, తిన్న పదార్థమూ రాసేందుకు ఒక్క వరస అచ్చువేయవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

బాక్స్: పేజీలో పట్టనివి

జొన్నరొట్టె అంటే నాకు ప్రాణం, అయినా అదీ పిండిపదార్థమే. నాలుగు రొట్టెలు తింటే నాలుగు రొట్టెల చక్కెర వస్తుంది. మెత్తటి పిండి కంటే రవ్వగా విసిరినదానికి మెల్లగా అరిగే గుణముంది.

దావత్‌లో బిర్యానీ తిన్న రెండు గంటలకు అంకె బాగుందని మురిసిపోవద్దు. నూనె, మాంసం కడుపును మెల్లగా ఖాళీ చేయిస్తాయి. చక్కెర మూడో గంటకో నాలుగో గంటకో ఎక్కవచ్చు.

కూర, పప్పు, గుడ్డు ముందు తిని అన్నం చివర్లో తింటే చక్కెర అంతగా ఎగబాకదు. తిన్న వెంటనే పది పదిహేను నిమిషాల నడక కూడా పనిచేస్తుంది.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే, రోజూ తినే తిండితోనే ఒక రోజు చూసుకోవచ్చు: తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి గంటగంటకూ నాలుగుసార్లు. పక్కనే తిన్నది రాసి డాక్టరుకు చూపండి. అంకె చూసి మాత్రలు సొంతంగా పెంచుకోవద్దు. ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవారికి చక్కెర 70 కంటే కిందికి పడితే, ఉన్నచోటే చక్కెర నీళ్లు తాగాలి.