వార్తల్లో పదం: ప్రమాద స్థితి

హంగరీ రాజ్యాంగంలోని 'ప్రమాద స్థితి' ఒక రకమైన అత్యవసర పరిస్థితి. ఇది అమల్లో ఉన్నంతకాలం ప్రభుత్వం పార్లమెంటు చేసిన చట్టాలను సైతం డిక్రీలతో, అంటే మంత్రివర్గం నేరుగా జారీచేసే శాసనతుల్యమైన ఉత్తర్వులతో, పక్కన పెట్టగలదు. ప్రకృతి వైపరీత్యాలు, పారిశ్రామిక ప్రమాదాల కోసం ఉద్దేశించిన ఈ అధికారాన్ని ప్రధాని విక్టర్ ఓర్బాన్ 2020 మార్చిలో కోవిడ్ పేరిట వినియోగించగా, అదే నెల 30న పార్లమెంటు గడువు నిర్దేశించకుండానే దానికి ఆమోదం తెలపడం యూరప్‌లో తీవ్ర విమర్శలకు దారితీసింది.

ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైన మూడు నెలలకు, 2022 మే 24న, పాలకపక్షానికి మూడింట రెండు వంతుల బలమున్న పార్లమెంటు, పొరుగు దేశంలో యుద్ధం జరుగుతున్నా ప్రమాద స్థితిని ప్రకటించేందుకు వీలు కల్పిస్తూ రాజ్యాంగాన్ని సవరించింది. ఓర్బాన్ ఆ రోజే దానిని ప్రకటించారు. ఆ వెంటనే బ్యాంకులు, ఇంధన సంస్థల లాభాలపై అదనపు పన్నును సైతం పార్లమెంటులో చర్చ లేకుండా డిక్రీతోనే విధించారు. ఆ తరువాత ప్రమాద స్థితిని పదేపదే పొడిగించారు.

సంక్షోభం నిజమైనదే కావచ్చు. అయినా గడువూ, పార్లమెంటు పర్యవేక్షణా, న్యాయసమీక్షా లేని అత్యవసర అధికారం ప్రజలను కాక పాలకుడినే కాపాడుతుంది.