మోకాలిలో నాటు

పదో తరగతి అక్క ఖోఖోలో పడ్డాక మోకాలు వాచిపోయింది. స్కాన్ చూసి డాక్టరుగారు "గుజ్జు ఒకచోట ఊడింది" అన్నారు. మన హాస్టల్లో అందరూ "గుజ్జు పోతే మళ్ళీ రాదు, ఇంక ఆ కాలు అంతే" అనేసరికి అక్క రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అందుకే సైన్సు మాస్టారిని అడిగి తెలుసుకుని ఇది రాస్తున్నాను.

గుజ్జు అంటాం గానీ అది గుజ్జు కాదు, మృదులాస్థి. చిప్పకి కొబ్బరి అంటుకున్నట్టు ఎముకల చివర తెల్లగా, నున్నగా అంటుకుని ఉంటుంది. దానిలో రక్తనాళాలు ఉండవు. చర్మం తెగితే రక్తం వచ్చి, గడ్డకట్టి మానుతుంది. దీనికి ఆ దారి లేదు, అందుకే దానంతట అది సరిగ్గా మానదు. అంతవరకు మనవాళ్ళు అన్నది నిజమే.

అయితే స్వీడన్ దేశపు డాక్టర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మనం నారు పోసి నాటు వేస్తాం కదా, అలాంటిదే. మోకాలిలో బరువు ఎక్కువ పడని అంచు నుంచి బియ్యపు గింజంత ముక్కలు తీస్తారు. వాటిలోని కణాలను ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచితే లక్షలవుతాయి. అప్పుడు రెండో ఆపరేషన్ చేసి, ఊడిన గుంటను శుభ్రం చేసి అందులో పెడతారు. కణాలు జారిపోకుండా మొదట్లో కాలి ఎముక మీది పొరను కోసి మూతలాగా కుట్టేవారు. ఇప్పుడు తయారుచేసిన పొరలు, జిగురు కూడా వాడుతున్నారు. తన కణాలే కాబట్టి ఒళ్ళు వాటిని పరాయివని తరిమెయ్యదు.

1994లో వాళ్ళు 23 మంది సంగతి ప్రకటించారు. అందరిలో చిన్న వయసు 14 ఏళ్ళు, అంటే నా వయసే! తొడ ఎముక చివర దెబ్బ తగిలిన 16 మందిలో 14 మందికి రెండేళ్ళ తర్వాత బాగుంది. మోకాలి చిప్ప వెనక దెబ్బ ఉన్న ఏడుగురిలో ఇద్దరికే బాగుంది. మన దేశంలో 2017లో ఇలా పెంచిన మృదులాస్థి కణాలకు అనుమతి వచ్చింది. కంటికైతే హైదరాబాదు ఎల్.వి.ప్రసాద్ ఆసుపత్రిలో 2001 నుంచే కణాలు పెంచి పెడుతున్నారు.

ఖర్చు మాత్రం చాలా ఎక్కువ. కొన్ని వారాలు చేతికర్రలతో నడవాలి, ఆటలకు ఏడాది దాకా ఆగాలి.

సెలవులకి కొండ మీదికి వెళ్ళినప్పుడు ఇదంతా చెబితే మా నాయనమ్మ "నా మోకాళ్ళకీ పెట్టించవే" అంది. ముసలితనంలో మోకాలంతా అరిగితే ఇది పనికిరాదట. పొలమే పోయాక నాటు ఎక్కడ వేస్తారు? ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.

అక్కకి ఇది సరిపోతుందో లేదో గుంట ఎంతుందో, ఎక్కడుందో చూసి పెద్ద డాక్టరు చెప్పాలి. వచ్చే వారం తీసుకెళ్తామని వార్డెన్ మేడం అన్నారు. నిన్న రాత్రి అక్క పెరుగన్నం తింది.