మాదిరి పరీక్ష మార్కులు జోస్యం చెబుతాయా?

మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఇంటర్మీడియట్ చదువుతున్న అన్నయ్యో అక్కయ్యో ఉంటే ఈ దృశ్యం మీకు తెలిసే ఉంటుంది. ఈఏపీసెట్ పరీక్షకు ఇంకా నెల రోజుల గడువుంది. ఆదివారం నాడు మాదిరి పరీక్ష జరిగింది. అక్కయ్యకు 160కి 105 మార్కులు వచ్చాయి. ఇంట్లో పాయసం వండారు. మరుసటి ఆదివారం మళ్లీ పరీక్ష జరిగింది. ఈసారి 97. "వారంలో ఎనిమిది మార్కులు ఎక్కడ పోగొట్టావు?" అని నాన్నగారు నిలదీశారు. అక్కయ్య తల వంచుకుంది. ఏం చెప్పాలో ఆమెకు తెలియదు.

జవాబు సాంఖ్యక శాస్త్రంలో ఉంది. అదేమిటో చూద్దాం.

మార్కులో ఏముంది?

ఎంసెట్ అని మీ పెద్దలు పిలిచిన పరీక్షకే ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచీ, తెలంగాణలో 2024 నుంచీ ఈఏపీసెట్ అని పేరు. అందులో 160 ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు. సరైనది గుర్తిస్తే ఒక మార్కు. తప్పు గుర్తిస్తే మార్కు కోయరు. కాబట్టి తెలియని ప్రశ్నకు కూడా అందరూ ఏదో ఒకటి గుర్తిస్తారు.

అక్కయ్యకు 80 ప్రశ్నలకు జవాబు ఖాయంగా తెలుసు, మిగతా 80 ఊహించి గుర్తించింది అనుకుందాం. ఊహించినవాటిలో నాలుగింట ఒకటి తగులుతుంది. అంటే సగటున 20 మార్కులు. మొత్తం 100. కాని ప్రతిసారీ సరిగ్గా 20 తగలవు. ఒకసారి 24, ఒకసారి 17. సంభావ్యతా సూత్రాలతో లెక్క కడితే ఈ ఒడుదుడుకు సుమారు 4 మార్కులని తేలుతుంది. మూడు పరీక్షలలో రెండింట ఆమె మార్కు 96కూ 104కూ మధ్య ఉంటుంది. మూడోసారి అంతకు పైనో, కిందో పడుతుంది. రెండు పరీక్షల మధ్య 8 మార్కులో, అంతకన్నా ఎక్కువో తేడా రావడం సుమారు ఆరుసార్లలో ఒకసారి జరిగే సంగతి. ఈ మధ్యలో అక్కయ్య కొత్తగా నేర్చుకున్నది లేదు, మరచిపోయినదీ లేదు!

ఇది కేవలం ఊహల వల్ల వచ్చే తేడా. దీనికి ఇంకొకటి తోడవుతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూసి చెబుతాం. కాని చదువు కుండలో మెతుకులన్నీ ఒకే తీరుగా ఉడకవు. కాంతి పాఠం మెత్తగా ఉడికి ఉంటుంది. ఉష్ణం పాఠం ఇంకా పలుకుగానే ఉంటుంది. ప్రశ్నపత్రం ఏ మెతుకు పట్టిందన్నదాని మీద మార్కు ఆధారపడుతుంది. ముందురోజు నిద్ర, జ్వరం, ఉక్కపోత లాంటివి సరేసరి.

అందుచేత మార్కును ఇలా రాసుకోవచ్చు:

వచ్చిన మార్కు = అసలు సామర్థ్యం + ఆనాటి ఒడుదుడుకు

ఈ ఆలోచనకు 1904లో గణితరూపం ఇచ్చినవాడు చార్లెస్ స్పియర్‌మన్ అనే ఆంగ్ల మనస్తత్వవేత్త.

నాణాలతో ఒక ప్రయోగం

మీ తరగతిలో 40 మంది ఉన్నారనుకోండి. ప్రతి ఒక్కరూ ఒక రూపాయి నాణాన్ని పదిసార్లు ఎగరవేసి, ఎన్నిసార్లు బొమ్మ పడిందో రాయండి. ఏడు గానీ, అంతకన్నా ఎక్కువ గానీ బొమ్మలు పడ్డవారు ఏడుగురు దాకా ఉంటారు. వాళ్లను నిలబెట్టి చప్పట్లు కొట్టండి. మూడు గానీ, అంతకన్నా తక్కువ గానీ పడ్డవారూ సుమారు అంతమందే ఉంటారు. వాళ్లను సరదాగా కోప్పడండి. ఇప్పుడు అందరూ మళ్లీ పదిసార్లు ఎగరవేయండి.

ఏం జరుగుతుంది? చప్పట్లు కొట్టించుకున్నవారి సగటు 5 దగ్గరకు పడిపోతుంది. తిట్లు తిన్నవారి సగటు 5 దగ్గరకు ఎక్కుతుంది. పొగిడితే చెడిపోయారనీ, తిడితే బాగుపడ్డారనీ అనిపిస్తుంది. కాని నాణానికి పొగడ్తా తెలియదు, తిట్టూ తెలియదు!

దీనినే 'సగటు వైపు ప్రతిగమనం' అంటారు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 205 జంటల ఎత్తునూ, వారి 928 మంది ఎదిగిన పిల్లల ఎత్తునూ పరిశీలించి, 1886లో ఈ సంగతి ప్రకటించాడు. బాగా పొడుగు తల్లిదండ్రులకు పుట్టినవారు పొడుగే, కాని సగటున తల్లిదండ్రులంత కాదు. పొట్టివారి పిల్లల విషయంలో ఇది తిరగబడుతుంది.

మార్కులలో నాణెం పాలు కొంతే. అసలు సామర్థ్యం పాలు ఎక్కువ. అందుకని మార్కులు పూర్తిగా సగటుకు చేరవు, కొంతమేరకే జరుగుతాయి. మొదటి పరీక్షలో అందరికన్నా మించినవారు రెండోదానిలో కాస్త తగ్గడం, అట్టడుగున ఉన్నవారు కాస్త పెరగడం సహజం.

ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులు, విమానం బాగా నడిపినవాణ్ణి మెచ్చుకుంటే మరుసటిసారి పాడుచేస్తున్నాడనీ, తిడితే బాగుపడుతున్నాడనీ నమ్మేవారు. అది ప్రతిగమనమేనని గుర్తించినవాడు డేనియల్ కానెమన్. ఆయనకు 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన సంగతి చదివేదాకా నేనూ ఆ శిక్షకులలో ఒకణ్ణే. యూనిట్ పరీక్షలో తక్కువ వచ్చినవాళ్లను గట్టిగా కోప్పడేవాణ్ణి. తర్వాతి పరీక్షలో వాళ్లకు నాలుగు మార్కులు పెరిగితే నా కోపమే పనిచేసిందని మురిసిపోయేవాణ్ణి. ఎంతమంది పిల్లలు ఊరికే మాటలు పడ్డారో!

అయితే మాదిరి పరీక్ష దండగా?

కాదు. ఒక పెద్ద గుంపును తీసుకుంటే, మాదిరి పరీక్షలలో ముందున్నవారు అసలు పరీక్షలో కూడా చాలావరకు ముందే ఉంటారు. రెండు కొలతలు ఎంతవరకు కలిసి నడుస్తాయో చెప్పే అంకెను సహసంబంధ గుణకం అంటారు. ఒకటి పెరిగినప్పుడు రెండోదీ పెరిగే చోట్ల ఇది 0కూ 1కీ మధ్య ఉంటుంది. ప్రశ్నల తీరు, పాఠ్యభాగం, సమయం అసలు పరీక్షను పోలి ఉన్నకొద్దీ ఇది పెరుగుతుంది. సగం పాఠాలే చెప్పి, ఆరు నెలల ముందు పెట్టిన పరీక్షకు ఆ బలం ఉండదు. మధ్యలో నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉంది కదా!

మరొక చిక్కుంది. ఊరందరిలో వాలీబాల్ ఎవరు బాగా ఆడగలరో ఎత్తును బట్టి కొంత ఊహించవచ్చు. కాని ఆరడుగుల వాళ్లనే ఏరి జట్టు కట్టాక, వారిలో మేటి ఎవరో ఎత్తు చెప్పలేదు. అలాగే, మంచి మార్కుల వాళ్లనే ఏరి కూర్చోబెట్టిన సెక్షనులో మాదిరి పరీక్ష జోస్యం బలహీనపడుతుంది. అక్కడ ఒక మార్కు తేడాకు అర్థం చాలా తక్కువ. అయినా ఒక్క ఆదివారం మార్కు చూసి పిల్లలను పై సెక్షను నుంచి కింది సెక్షనుకు దింపే చోట్లు ఉన్నాయి. ఆ నాలుగు మార్కులలో పిల్లవాడి పాలు ఎంత, ఒడుదుడుకు పాలు ఎంత అని అడగాలి.

మంచి జోస్యం ఎలా చెప్పాలి?

లోలకం 20 డోలనాలకు పట్టే కాలాన్ని ఒక్కసారి కొలిచి ఊరుకోం. మూడుసార్లు కొలిచి సగటు తీస్తాం. మార్కులకూ అంతే. నాలుగు పరీక్షల సగటు తీస్తే ఒడుదుడుకు సగానికి తగ్గుతుంది. అక్కయ్యకు 105, 97, 101, 99 వస్తే సగటు 100.5. అప్పుడు కూడా ఒకే అంకె చెప్పకూడదు. తుఫాను ఫలానా గడప దగ్గరే తీరం దాటుతుందని వాతావరణ శాఖ చెప్పదు. ఫలానా ఊరికీ ఫలానా ఊరికీ మధ్య అంటుంది. మనమూ "100కు కాస్త అటూ ఇటూ" అనాలి.

మాదిరి పరీక్షకు ఇంతకన్నా గొప్ప ఉపయోగం ఒకటుంది. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే శాస్త్రజ్ఞులు 2006లో ఒక ప్రయోగం ప్రకటించారు. విద్యార్థులు ఒక పాఠం చదివారు. కొందరు దాన్నే మళ్లీ చదివారు. కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ చదివినవారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం తర్వాత లెక్క తారుమారైంది. చదివినవారికి 42 శాతం, రాసినవారికి 56 శాతం! అంటే పరీక్ష జ్ఞాపకాన్ని కొలవడమే కాదు, పెంచుతుంది కూడా.

కాబట్టి పరీక్ష కాగితం చేతికి రాగానే ముందు మార్కు చూడకండి. తప్పులు చూడండి. తెలియక తప్పినవి, తొందరలో తప్పినవి, ఊహతో ఒప్పయినవి అని మూడు జాబితాలు రాయండి. మూడో జాబితా అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకంటే ఆ మార్కులు మీవి కావు, నాణానివి. వాటిని చదివి మీవిగా చేసుకుంటే, వచ్చే ఆదివారం అవి ఎక్కడికీ పోవు.

ఇక అక్కయ్య వాళ్ల నాన్నగారికి మీరే జవాబు చెప్పవచ్చు. "ఆ ఎనిమిది మార్కులను ఆమె పోగొట్టలేదు నాన్నగారూ! మొదటి ఆదివారం కొన్ని అరువు వచ్చాయి. రెండో ఆదివారం తిరిగి వెళ్లాయి."