తూటా తిన్నగా పోదు

1874 సెప్టెంబర్ 26న న్యూయార్క్ శివార్లలో, లాంగ్ ఐలండ్ మీద కొత్తగా వెలసిన క్రీడ్‌మోర్ రేంజ్‌లో అమెరికా, ఐర్లండ్ జట్లు తలపడ్డాయి. జట్టుకు ఆరుగురు షూటర్లు. 800, 900, 1000 గజాల దూరాల్లో ఒక్కొక్కరూ పదిహేనేసి తూటాలు కాల్చాలి. ఆఖరి తూటా అమెరికా తరఫున కర్నల్ జాన్ బోడైన్‌ది. అప్పటికి ఐర్లండ్‌ది ఒక్క పాయింటు పైచేయి. పైగా కాసేపటి క్రితమే జింజర్ బీరు సీసా పగిలి బోడైన్ చెయ్యి తెగింది. ఆయన రుమాలు చుట్టుకుని పడుకుని పేల్చాడు. తూటా నడిమధ్యన తగిలి, నాలుగు పాయింట్లు వచ్చాయి. 934–931తో అమెరికా గెలిచింది. ఐర్లండ్ వాళ్లకు అసలు కడుపుమంట వేరే ఉంది. వాళ్ల షూటర్ ఒకాయన అంతకు ముందే పొరపాటున పక్క టార్గెట్‌కు గురిపెట్టి, దాని నడిబొడ్డున కొట్టి, సున్నా తెచ్చుకున్నాడు.

ఆ పోటీలో ఎవరి తుపాకీకీ టెలిస్కోపు లేదు. వాడింది పొగలు కక్కే నల్లమందు. ఐరిష్ జట్టు రైఫిళ్లయితే గొట్టం మూతి నుంచి మందు కూరేవి. దూరం కొట్టాలంటే స్కోపు ఉండాలి, దూకుడైన తూటా ఉండాలి అనుకునేవాళ్లకు క్రీడ్‌మోర్ ఒక్కటే చాలు జవాబు. స్కోపు చేసేది లక్ష్యాన్ని పెద్దగా చూపించడమే, తూటా దారిని అది మార్చలేదు. ఫిన్లండ్ స్నైపర్ సిమో హైహా 1939–40 చలికాలపు యుద్ధంలో పేరు మోగించింది కూడా తుపాకీ మీది మామూలు ఇనుప సైట్లతోనే. స్కోపు ఉంటే తల ఇంకాస్త పైకెత్తాలి, చలికి అద్దం మసకబారుతుంది అన్నది ఆయన లెక్క.

మన సినిమాల్లో హీరో స్కోపులోని ప్లస్ గుర్తును విలన్ నుదుటిమీద నిలుపుతాడు. ట్రిగ్గర్ నొక్కీ నొక్కగానే అవతల మనిషి కూలతాడు. అక్కడి నుంచే పుట్టింది, తూటా గీత గీసినట్టు పోతుందన్న నమ్మకం. నిజానికి గొట్టం దాటిన మరుక్షణం నుంచే తూటా కిందికి పడటం మొదలెడుతుంది. .308 వించెస్టర్ వంటి మామూలు రైఫిల్‌ని 100 గజాలకు సరిచేసి, సైట్లు మార్చకుండా 1000 గజాలకు పేలిస్తే తూటా దాదాపు 10 మీటర్లు కిందికి దిగుతుంది. అంటే మూడంతస్తుల మేడ ఎత్తు. అక్కడికి చేరడానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. ఆ లోపు జింక నాలుగడుగులు వేస్తుంది.

తలపండిన వేటగాళ్లు కూడా 'తూటా మొదట కాస్త పైకి లేస్తుంది' అంటుంటారు. అదీ పొరపాటే. లేచేది తూటా కాదు, ముందే లేచి ఉన్నది గొట్టం. చూపు గీతకు గొట్టాన్ని వెంట్రుకవాసి పైకి వాల్చి బిగిస్తారు కాబట్టి తూటా ఆ గీతను కింద నుంచి దాటి పైకి వెళ్లి, మళ్లీ దిగుతుంది. బౌండరీ నుంచి వికెట్ కీపర్‌కు బంతి విసిరే ఫీల్డర్ చెయ్యి ఎత్తి విసరడంలో ఉన్న కిటుకే ఇందులోనూ ఉంది.

కొండ మీదికి కాల్చేటప్పుడు కాస్త పైకి, కిందికి కాల్చేటప్పుడు కాస్త కిందికి గురిపెట్టాలన్నది ఇంకో పాత పాఠం. ఇందులో సగమే నిజం. రెండు సందర్భాల్లోనూ తూటా అనుకున్నదానికన్నా పైకే తగులుతుంది. గురుత్వాకర్షణ లెక్కలోకి తీసుకునేది వాలు దూరాన్ని కాదు, నేల మీది అడ్డ దూరాన్ని. 30 డిగ్రీల వాలులో 300 మీటర్ల దూరాన ఉన్న లక్ష్యానికి 260 మీటర్లకు పెట్టే గురి సరిపోతుంది.

ఇక భూభ్రమణం సంగతి. స్నైపర్ సినిమాల పుణ్యమా అని భూమి తిరగడాన్ని కూడా లెక్కగట్టాలని కుర్రకారు తెగ చెప్పుకుంటోంది. హైదరాబాద్ అక్షాంశంలో 1000 గజాలకు భూభ్రమణం వల్ల తూటా పక్కకు జరిగేది 3 సెంటీమీటర్లు! అదే గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పక్కనుంచి వీచే మామూలు గాలి రెండు మీటర్లకు పైగా నెట్టేస్తుంది. దూరపు షూటింగ్‌లో విద్య అంతా గాలిని చదవడంలోనే ఉంది. జెండా ఎటు ఊగుతోంది, గడ్డి ఎటు వాలుతోంది, వేడికి నేల మీద ఆవిరి తెర ఎటు పారుతోంది అన్నది కనిపెట్టాలి. గాలి రేంజ్ పొడవునా ఒకే తీరుగా వీయదు. షూటర్ దగ్గర నిశ్చలంగా ఉన్నప్పుడే అవతల ఈదరగాలి ఉండొచ్చు.

ఒలింపిక్ రైఫిల్ షూటర్ అంటే కిలోమీటరు అవతలి లక్ష్యాన్ని కొడతాడనుకునేవారూ లేకపోలేదు. 300 మీటర్ల పోటీ ఒలింపిక్స్‌లో 1972 మ్యూనిక్‌తోనే ఆగిపోయింది. ఇప్పుడున్నవి 10 మీటర్లు, 50 మీటర్లు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అంత దగ్గరే కదా అని తీసిపారేయడానికి లేదు. అక్కడ పదో వలయం చుక్క వెడల్పు అర మిల్లీమీటరు! వెయ్యి గజాల పోటీలు చూడాలంటే ఇంగ్లండ్‌లోని బిస్లీకి పోవాలి. అక్కడి రాజుగారి బహుమతి పోటీకి ఆఖరి ఘట్టం 900, 1000 గజాలలోనే, అదీ స్కోపు లేకుండానే.

మళ్లీ ఐరిష్ జట్టు దగ్గరికి వస్తే, అందులో ఒకాయన జాన్ రిగ్బీ. డబ్లిన్ తుపాకుల వంశం వారసుడు. జట్టు చేతుల్లోని రైఫిళ్లు ఆయన తయారుచేసినవే. ఆ రిగ్బీ కంపెనీ తుపాకీయే తర్వాత పులుల వేటగాడు జిమ్ కార్బెట్ చేతికొచ్చింది. దూరపు పోటీ గన్, వేట గన్ ఒకటేనన్న భ్రమ ఇక్కడే విడిపోవాలి.

కుమావూ కొండల్లో 436 మందిని పొట్టన పెట్టుకుందని చెప్పే చంపావత్ ఆడపులిని కార్బెట్ .275 రిగ్బీతో చంపాడని చాలామంది రాస్తుంటారు. తప్పు. ఆ రైఫిల్ 1907లో ఆ పులిని చంపినందుకు యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్ ఇచ్చిన బహుమానం. ఆ సంగతి తుపాకీ మడమకు తాపిన వెండి రేకు మీదే చెక్కి ఉంది. ఆరోజు ఆయన వాడింది .500 బోర్ రైఫిల్, జేబులో ఉన్నవి మూడే మూడు తూటాలు. ఆ మూడూ అయిపోయాయి, గాయపడ్డ పులి ఇంకా నిలబడే ఉంది. కార్బెట్ పరుగున వెళ్లి వెంట వచ్చిన తహసీల్దారు తుపాకీ లాక్కున్నాడు. ఇరవై అడుగుల దగ్గరికి వెళ్లి ఎత్తి చూస్తే గొట్టాలకూ వెనక దిమ్మకూ మధ్య దాదాపు సెంటీమీటరు సందు! పేలితే తన ముఖమే పోవచ్చు. అయినా పేల్చాడు. ఆ గుండు పులి పాదానికి తగిలింది. దాని పని పట్టినవి అంతకు ముందు తగిలిన రెండు తూటాలే.

.275 రిగ్బీ వంతు తర్వాత వచ్చింది. 1930 ఏప్రిల్‌లో చౌగఢ్ ఆడపులి ఎదురుపడినప్పుడు కార్బెట్ ఎడమ చేతిలో ఉన్నవి దారిలో దొరికిన రెండు పిట్ట గుడ్లు. పులికీ ఆయనకూ మధ్య ఎనిమిది అడుగులు. కదిలితే దూకుతుంది. కుడిచేత్తోనే రైఫిల్‌ను అంగుళం అంగుళం తిప్పి, ఒంటిచేత్తో పేల్చాడు. గుడ్లు పగల్లేదు. బరువైన జోడు గొట్టాల రైఫిల్ అయితే ఒంటిచేత్తో అలా తిప్పడం అయ్యేపని కాదు. వేటగాడికి ఇష్టమైన తుపాకీ ఎందుకు ఇష్టమో ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం.

పెద్ద జంతువుకు పెద్ద తుపాకీ అన్న సూత్రాన్ని స్కాట్లండ్ వాడు డబ్ల్యూ.డి.ఎం. బెల్ తలకిందులు చేశాడు. ఆఫ్రికాలో ఆయన కూల్చిన ఏనుగులు వెయ్యికి పైగా, వాటిలో అత్యధికం ఈ సన్నపాటి .275 తూటాలకే. ఏనుగు పుర్రెను రంపంతో నిలువునా కోయించి, మెదడు ఎక్కడుందో, ఏ వైపు నుంచి ఎలా అందుతుందో చదువుకున్నాడు. ఇది చదివి అందరూ బెల్‌లు కాబోరు. అందుకే ఇప్పుడు చాలా ఆఫ్రికా దేశాలు ఏనుగుకు .375 కన్నా చిన్న తుపాకీని చట్టంతోనే నిషేధించాయి. అది న్యాయమే.

పెద్ద తూటా తగిలితే మనిషి వెనక్కి ఎగిరి పడతాడన్నది శుద్ధ సినిమా. 11 గ్రాముల తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో 80 కిలోల మనిషికి తగిలి లోపలే ఆగిపోయిందనుకుందాం. అతనికి అబ్బే వేగం సెకనుకు 11 సెంటీమీటర్లు. అంతకు మించి ఎగరగొట్టే శక్తి ఉంటే పేల్చినవాడు కూడా ఎగిరి పడాలి. సైలెన్సర్ పెడితే 'టిక్' మని వినిపించడం కూడా ఈ కోవలోదే. ధ్వనిని మించిన వేగంతో పోయే తూటా చేసే చప్పుడును ఏ సైలెన్సరూ ఆపలేదు.

వేటగాళ్లలో తెలుగువాళ్లకు దగ్గరి పేరు కెన్నెత్ ఆండర్సన్. 1910లో సికింద్రాబాద్ బొల్లారంలో పుట్టాడు. అప్పటి చిత్తూరు జిల్లా చామల లోయలో మనుషులను తినమరిగిన పులి కథ ఆయన రాసిందే. ఆయన విడవని తుపాకీ .405 వించెస్టర్. 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ సింహాలకు వాడి మురిసిపోయిందీ అదే. మొద్దు మొన తూటా కావడంతో గాలి దాన్ని తొందరగా మందగింపజేస్తుంది, దూరానికి అది బొత్తిగా పనికిరాదు. మంచె మీద, చీకట్లో, టార్చి వెలుగులో కాల్చేవాడికి దూరంతో పనేముంది?

లైసెన్సు ఉంటే అడవిపందినో జింకనో కొట్టొచ్చన్న మాట మన ఊళ్లలో ఇంకా వినబడుతూనే ఉంటుంది. లైసెన్సు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇప్పుడు వినోదపు వేటకు దేశంలో చోటు లేదు. మనుషులను చంపుతున్న పులినైనా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ రాతపూర్వక ఉత్తర్వు లేకుండా ఎవరూ వేటాడటానికి వీల్లేదు. పట్టడానికీ మత్తు ఇవ్వడానికీ కుదరదని ముందు ఆయన తేల్చాలి. తాతల నాటి తుపాకీలు మూడు ఇంట్లో ఉన్నవాళ్లు సైతం 2019 సవరణ తర్వాత రెండే ఉంచుకుని మూడోది అప్పగించాలి.