గాలి తూర్పారబట్టిన ధూళి

రైతు కళ్లములో ధాన్యమును తూర్పారబట్టునపుడు గట్టిగింజ కాళ్లచెంతనే రాలును, తాలు కొంత దూరమున పడును, పొట్టు ఎగిరిపోవును. ప్రకృతిలో గాలి చేయు పనియు ఇదియే. వేసవిలో సుడిగాలి లేచినపుడు బడంగ్‌పేట్ వంటి ఊరి వీధులను గమనింపుడు. ముతక ఇసుక గంతులు వేయుచు పాదములకు మాత్రమే తగులును. మెత్తని దుమ్ము మేడలపైకెక్కి కిటికీలపై పరచుకొనును.

ఈ భేదమునకు శాస్త్రజ్ఞులు కొలతలు ఏర్పరచిరి. మిల్లీమీటరులో 16వ వంతు, అనగా ఇంచుమించు తలవెంట్రుక మందము, కంటె పెద్ద రేణువు ఇసుక. అది గాలిలో ఎక్కువసేపు నిలువదు. 50వ వంతుకంటె సన్నని రేణువు ఒకసారి పైకెగసినచో వేల కిలోమీటర్లు పోగలదు. కావున దూరమునుండి గాలి తెచ్చిన పొరలో రేణువులన్నియు సన్ననివై, ఇంచుమించు ఒకే పరిమాణమున ఉండును. వాన వరద తెచ్చిన పొరలో గులకరాయి, ఇసుక, బంకమన్ను కలగాపులగముగా ఉండును.

ఈ పరీక్ష ఎంత విలువైనదో నంద్యాల జిల్లాలో బనగానపల్లె సమీపముననున్న జ్వాలాపురము తెలుపుచున్నది. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద 2,600 కిలోమీటర్లు దాటి ఇచ్చటి జుర్రేరు లోయలో పడినది. నేడు ఆ బూడిద కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల మందమున కనిపించును. అంతయు ఆకాశమునుండియే రాలినదనుకొన్నచో, ఆ లోయలో మానవుడు మిగిలియుండునా?

కాని అడుగున కొద్ది సెంటీమీటర్లు మాత్రమే గాలి తెచ్చిన శుద్ధమైన మెత్తని బూడిద. పైనున్న దానిలో అధికభాగము తరువాతి వానలు చుట్టుపట్ల వాలులనుండి కడిగి తెచ్చి పోసినది. 2007లో మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ మొదలగువారు ప్రకటించిన పరిశోధన ప్రకారము, బూడిదకు క్రిందను పైనను ఒకే తీరు రాతి పనిముట్లు లభించినవి. మానవుడు ఆ విపత్తును దాటి బ్రదికెనని వారి అభిప్రాయము.

ఉపాధ్యాయులు ఈ పాఠమును తరగతిలోనే చూపవచ్చును. గాజు సీసాలో పిడికెడు మట్టి, నిండుగ నీరు పోసి కుదిపి నిలిపినచో, ముతకది ముందు దిగును. సన్ననిది చివర దిగును.

జ్వాలాపురపు బూడిదను శుభ్రపరచు పొడులకై త్రవ్వి తరలించిరి. త్రవ్విన బూడిద ఎచ్చటనైనను దొరకవచ్చును. ఏ పొరపై ఏ పొర యుండెనో చెప్పు సాక్ష్యము మరల దొరకదు. ఆ పొరలు మిగిలియున్నంతవరకైనను వాటిని కాపాడుట మన విధి.